రుచి చూడలేని వంట: ఆల్టన్ బ్రౌన్ రంగస్థల ప్రదర్శన

వంటను టీవీలో చూడటానికి అలవాటుపడ్డ కళ్ళకు రంగస్థలం మీద వంట చూడటం అంత సులువుగా రుచించదు. టీవీలో కెమెరా బాణలి అంచుదాకా వెళ్తుంది, నూనెలో ఉల్లిపాయ రంగు మారడం అరచేతి దూరంలో కనిపిస్తుంది, చప్పుడు చెవి పక్కనే వినిపిస్తుంది. నాటకశాలలో ఇవేవీ ఉండవు. రెండు వేలకు పైగా మనుషులు చీకట్లో కూర్చుని, ఎక్కడో దూరాన వెలుతురులో నిలబడ్డ ఒక మనిషి గిన్నెలో ఏదో కలుపుతుంటే చూడాలి; వాసన రాదు, రుచి చూసే అవకాశం అంతకన్నా ఉండదు. ఇండియా నుంచి మా ఇంటికి వచ్చిన అమ్మను ఈ ప్రదర్శనకు తీసుకువెళ్తున్నానని చెప్పగానే ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న అదే. "అంతమందిని కూర్చోబెట్టి ఆయనొక్కడే వండుకుని తింటే మనకేం తెలుస్తుందే?" అన్నది అమ్మ. ఆ సాయంత్రమంతా నేను ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూనే ప్రదర్శన చూశాను. జవాబు దొరికిందనే చెబుతాను, అయితే అది దొరకడానికి రెండో సగందాకా ఆగవలసి వచ్చింది.

ఆల్టన్ బ్రౌన్ అమెరికాలో వంట టీవీ చూసేవారికి బాగా తెలిసిన మనిషి. ఆయన వృత్తిరీత్యా మొదట వంటవాడు కాదు. సినిమా చదువు చదివి, కెమెరా పని చేసి, వాణిజ్య ప్రకటనలకు దర్శకత్వం వహించినవాడు. టీవీలో వచ్చే వంట కార్యక్రమాలు తనకు ఏమీ నేర్పడం లేదన్న అసంతృప్తితో, అంతకన్నా మంచిది తానే తీయాలనుకుని, ముందు వంట నేర్చుకోవాలి కాబట్టి వెర్మాంట్‌లోని న్యూ ఇంగ్లండ్ కలినరీ ఇన్‌స్టిట్యూట్‌లో చేరి 1997లో పట్టా తీసుకున్నాడు. మరుసటి ఏడాది షికాగోలోని ప్రభుత్వ సహాయ టీవీ కేంద్రంలో మొదలైన ఆయన కార్యక్రమం 'గుడ్ ఈట్స్', 1999లో ఫుడ్ నెట్‌వర్క్ అనే వంటల చానల్‌కు చేరి, 2012 వరకు 14 సీజన్లు నడిచింది. ప్రసార మాధ్యమాలలో అత్యంత గౌరవంగా భావించే పీబడీ పురస్కారం కూడా దానికి దక్కింది. పిండి ఎందుకు పొంగుతుంది, మాంసం ఎందుకు గట్టిపడుతుంది, గుడ్డులో తెల్లసొన నురుగై ఎందుకు నిలుస్తుంది అన్న ప్రశ్నలను రబ్బరు పైపులతో, ప్లాస్టిక్ నమూనాలతో, పిండిని పులియబెట్టే ఈస్ట్‌గా నటిస్తూ తేన్పులు తీసే మేజోడు బొమ్మలతో వివరించిన కార్యక్రమం అది. ఎలా వండాలో చెప్పేవాళ్ళు వందలమంది ఉన్నారు. ఆ పద్ధతిలోనే ఎందుకు వండాలో చెప్పేవాళ్ళు అప్పట్లో టీవీలో దాదాపు లేరు. నేను ఈ దేశం వచ్చిన కొత్తలో, ఇక్కడి ఓవెన్‌ను చూస్తేనే భయపడే రోజుల్లో, నాకు ఆ భయం పోగొట్టింది ఆయనే. కాబట్టి ఈ సమీక్ష రాస్తున్నది ఆయన మీద అభిమానం ఉన్న మనిషి అని పాఠకులు ముందే తెలుసుకోవడం న్యాయం.

'ఎడిబుల్ ఇనెవిటబుల్' అన్న పేరుతో 2013 అక్టోబరులో మొదలైన ఈ పర్యటన 2015 వరకు ఊరూరా పాత థియేటర్లలో ఆగుతూ సాగింది. మేము చూసింది మా నగరం నడిబొడ్డున 1920ల చివర్లో కట్టిన సినిమా ప్యాలెస్‌లో. ఆ కాలంలో అమెరికాలో ఇటువంటి థియేటర్లను కట్టిన తీరు గురించి కొంత చెప్పాలి, ఎందుకంటే ఆ కట్టడం లేకపోతే ఈ ప్రదర్శనలో సగం అందం పోయేది. మూకీ సినిమాల రోజుల్లో ప్రేక్షకుడిని సినిమా మొదలుకాకముందే మరో లోకంలోకి తీసుకువెళ్ళాలని, లోపలి గోడలను స్పెయిన్ కోటల్లాగా, అరబ్బుల ప్రాంగణాల్లాగా మలిచి, పైకప్పును ముదురు నీలం రంగు ఆకాశంగా తీర్చి, అందులో చిన్న చిన్న దీపాలను నక్షత్రాలుగా పొదిగేవారు. జాన్ ఎబర్సన్ అనే వాస్తుశిల్పి 1923లో హ్యూస్టన్‌లో కట్టిన మెజెస్టిక్ థియేటర్‌తో ఈ పద్ధతి ఊపందుకుంది. అట్లాంటాలోని ఫాక్స్ థియేటర్ వీటిలో అందరికీ తెలిసినది. 1929 క్రిస్మస్ రోజున తెరుచుకున్న ఆ థియేటర్ కప్పులో 96 స్ఫటికపు నక్షత్రాలు మెరుస్తాయి, 3,622 గొట్టాల ఆర్గాన్ వాద్యం ఇప్పటికీ మోగుతుంది. ఆ ఫాక్స్‌ను కూడా 1970లలో ఒక టెలిఫోన్ సంస్థ కార్యాలయ భవనం కోసం పడగొట్టబోతే ఊరివాళ్ళు చందాలు పోగుచేసి కాపాడుకున్నారు. అలా కాపాడుకోలేక పోగొట్టుకున్నవి లెక్కకు మించి ఉన్నాయి.

మేము వెళ్ళిన థియేటర్ అంత పెద్దది కాకపోయినా ఆ వంశానిదే. ప్రదర్శనకు గంట ముందే తలుపులు తీశారు. లాబీలో మెట్ల పక్కన ఇత్తడి పిడి, ఎనభై ఏళ్ళకు పైగా చేతులు తగిలి తగిలి, ఒక వైపు అద్దంలా నునుపుగా, గోడ వైపు నల్లగా ఉంది. అమ్మ ఆ పిడి పట్టుకునే మెల్లగా బాల్కనీకి ఎక్కింది. సీట్లలో కూర్చున్నాక చాలాసేపు కప్పు వైపే చూసి, ఇక్కడ వంట చేస్తే పొగ చూరుతుందేమోనని బాధపడింది.

ప్రదర్శన దాదాపు రెండు గంటలు సాగింది, మధ్యలో విరామం ఉంది. దీన్ని వంట తరగతి అనుకుని వచ్చినవారు నిరాశపడతారు. ఇందులో ప్రసంగం ఉంది, హాస్యం ఉంది, వాద్యబృందంతో పాటలు ఉన్నాయి, రెండు పెద్ద ప్రయోగాలు ఉన్నాయి. ప్రసంగ భాగంలో ఆయన ఆహారం గురించి తాను గట్టిగా నమ్మే సంగతులను వరుసగా చెబుతూ పోతాడు. కోళ్ళకు చేతివేళ్ళు ఉండవు అన్నది వాటిలో ఒకటి. ఇక్కడి హోటళ్ళలో పిల్లల కోసమని పెట్టే, రొట్టెపొడి అద్ది వేయించిన కోడిమాంసం ముక్కలను 'చికెన్ ఫింగర్స్' అంటారు. పిల్లలకు వేరే తిండి, పెద్దలకు వేరే తిండి అన్న అలవాటును, పిల్లలకు మాంసం ఎక్కడినుంచి వస్తుందో తెలియకుండా పెంచడాన్ని ఆయన ఈ ఒక్క వాక్యంతో నిలదీస్తాడు. మా వరుసలో కూర్చున్న తల్లిదండ్రులు నవ్వుతూనే ఒకరినొకరు చూసుకున్నారు. మంచి ఉపాధ్యాయుడు తరగతిని పట్టుకునే పద్ధతి ఇది. నవ్వు ఆగకముందే అసలు మాట చెప్పేస్తాడు.

పాటల విషయంలో నాకు అంత సంతృప్తి కలగలేదు. గిటారు వాయించడం ఆయనకు వచ్చు, మాటల్లో చమత్కారం ఉంది, తన జీవితంలోని వంట జ్ఞాపకాలనే పాటలు కట్టుకున్నాడు. కానీ ఒక పాట ముగిసి ప్రయోగం మొదలవుతుందని ఎదురుచూస్తుండగా మరో పాట వస్తే, కథ నడుమ పద్యం ఎక్కువైన నాటకంలా సాగింది. దానికి తోడు, ఆర్గాన్ కోసం కట్టిన హాలు కావడంతో వాద్యాల హోరులో పాటలోని మాటలు బాల్కనీ వెనక వరుసలకు స్పష్టంగా అందలేదు. హాస్యపు పాటలో మాట వినిపించకపోతే మిగిలేది ఏముంటుంది? ఒక పాట తగ్గించి, ఆ పది నిమిషాలు ప్రేక్షకుల ప్రశ్నలకు ఇస్తే ప్రదర్శనకు బలం పెరిగేదని నా అభిప్రాయం.

ఇక మొదటి ప్రయోగం. టీవీలో ఆయన ఏళ్ళ తరబడి చెప్పిన నియమం ఒకటి ఉంది: ఒకే పనికి ఉపయోగపడే వస్తువు వంటింట్లో ఉండకూడదు. వెల్లుల్లి నలిపే యంత్రం, అరటిపండు కోసే చట్రం వంటివి కొని డబ్బు తగలేసుకోవద్దనీ, మంటలార్పే సిలిండరు ఒక్కటే దీనికి మినహాయింపు అనీ చెప్పేవాడు. ఈ వేదిక మీద ఆ మినహాయింపును కూడా తీసివేశాడు. ఆ సిలిండరుతోనే చాక్లెట్ ఐస్‌క్రీమ్ చేశాడు.

జరిగింది ఇది. ఆఫీసుల్లో మంచినీళ్ళకు పెట్టే పెద్ద ప్లాస్టిక్ క్యాన్ల వంటి పాత్రల్లో చాక్లెట్ పాల మిశ్రమం పోశారు. మంటలార్పే సిలిండరు గొట్టాన్ని దానికి బిగించారు. ప్రేక్షకుల్లోంచి ఒక మహిళను పిలిచి తెల్లకోటు, కళ్ళద్దాలు తొడిగించారు. ముందు వరుసల వారికి ప్రదర్శన మొదట్లోనే పలచటి ప్లాస్టిక్ వానకోట్లు పంచిపెట్టారు. అవి ఎందుకో అప్పటికి అందరికీ అర్థమైంది. సిలిండరు మీట నొక్కగానే పెద్ద విమానం పైకి లేచినట్టు హోరు, క్యాను గొంతులోంచి తెల్లటి ధార, దాని వెంట గోధుమరంగు నురుగు, వేదికంతా కమ్ముకున్న తెల్లని మంచు. పదిదాకా లెక్కపెట్టేలోపు హోరు ఆగింది. మంచు తొలగేసరికి క్యాను గోడలకు చిక్కటి గోధుమరంగు ముద్ద అంటుకుని ఉంది. ఇంట్లో ఐస్‌క్రీమ్ యంత్రంలో అరగంట తిరిగితే గానీ రాని ముద్ద అది.

దీని వెనకున్న శాస్త్రం ఎంత సరళమైనదో అంత అందమైనది. ఆ రకం సిలిండరులో కార్బన్ డయాక్సైడ్ మామూలు గాలి పీడనానికి యాభై రెట్లకు పైగా ఒత్తిడిలో ద్రవంగా ఉంటుంది. బయటికి రాగానే ఒక్కసారిగా వాయువుగా వ్యాకోచిస్తుంది, అలా వ్యాకోచించడానికి కావలసిన వేడిని చుట్టూ ఉన్న పాల నుంచి లాగేసుకుంటుంది. ఆ ధారలో కొంత భాగం మైనస్ 78 డిగ్రీల సెల్సియస్ దగ్గర మంచుపొడిగా మారుతుంది. పాలు ఎంత త్వరగా గడ్డకడితే అందులో మంచు స్ఫటికాలు అంత చిన్నవిగా ఏర్పడతాయి, స్ఫటికాలు ఎంత చిన్నవైతే నాలుకకు ఐస్‌క్రీమ్ అంత నునుపుగా తగులుతుంది. పైగా ఆ వాయువు కొంత మిశ్రమంలో కరిగి సోడాలో ఉండే సన్నని పులుపును తెస్తుంది. తిని చూసిన ఆ మహిళ ముందు కనుబొమలు పైకెత్తి, తరవాత మరో చెంచా తీసుకుంది. రెండో చెంచా ఎవరూ అడగకుండానే తీసుకోవడం బాల్కనీదాకా స్పష్టంగా కనిపించింది.

ఇంట్లో ప్రయత్నిద్దామని ఎవరికైనా అనిపిస్తే ఆ ఆలోచన మానుకోవాలి. ఇళ్ళలో ఉండే సిలిండర్లలో ఎక్కువ వాటిలో ఉండేది ఈ వాయువు కాదు, మంటలార్పే రసాయనపు పొడి. అది తినే వస్తువు మీద పడకూడదు. కార్బన్ డయాక్సైడ్ సిలిండరే అయినా, మూసిన గదిలో వాడితే ఊపిరాడదు, గొట్టం చివర చేయి తగిలితే చర్మం గడ్డకట్టి పుండవుతుంది. వేదిక మీద ఎత్తైన కప్పు, శిక్షణ ఉన్న సిబ్బంది, కళ్ళద్దాలు అన్నీ ఉన్నాయి. మా పక్కన కూర్చున్న పదేళ్ళ కుర్రాడి కళ్ళలో మెరుపు చూశాక ఈ మాట రాయక తప్పదనిపించింది.

విరామం గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. 1920లలో కట్టిన భవనాల్లో ఆడవాళ్ళ మరుగుదొడ్లు తక్కువ; వరుసలో నిలబడటానికే సమయమంతా సరిపోయింది. మోకాళ్ళ నొప్పులున్న అమ్మను బాల్కనీ నుంచి దింపడానికి లిఫ్టు ఎక్కడుందో చెప్పడానికి ఇద్దరు సిబ్బంది రెండు వేర్వేరు దిక్కులు చూపించారు. పెద్దవాళ్ళను తీసుకువెళ్ళేవారు టిక్కెట్టు కొనేటప్పుడే ఈ సంగతి ఫోనులో అడిగి తెలుసుకోవడం మంచిది.

రెండో సగంలో వచ్చిన ప్రయోగమే అమ్మ ప్రశ్నకు జవాబు. అమెరికాలో 1963 నుంచి పిల్లలకు అమ్ముతున్న ఈజీ బేక్ అనే బొమ్మ ఓవెన్ ఉంది. అందులో నిప్పు ఉండదు, పాత రకాలలో మామూలు బల్బుల వేడికే అరచేతిలో పట్టేంత కేకు ఉడికేది. పాత తీగ బల్బు తీసుకునే విద్యుత్తులో తొంభై శాతానికి పైగా వేడిగానే పోతుంది, వెలుతురుగా మారేది చాలా కొద్ది. దీపంగా చూస్తే అది దండగ, పొయ్యిగా చూస్తే లాభం. చిన్నప్పటి ఆ బొమ్మ మీద మమకారంతో బ్రౌన్ దానికి ఒక మహారూపం కట్టాడు. పదుల కొద్దీ నాటకశాల దీపాలను, ఒక్కొక్కటి వెయ్యి వాట్ల వాటిని, ఎదురెదురుగా చట్రాలకు బిగించి, వాటి మధ్యలోకి పిజ్జా జరిగేలా చేసిన యంత్రం అది. పేరు మెగా బేక్.

ప్రేక్షకుల్లోంచి వచ్చిన ఒక యువకుడి చేత పిండిముద్ద సాగదీయించాడు. వేళ్ళ కొసలతో నొక్కుతూ అంచు వదిలేయాలనీ, పిండి ముడుచుకుపోతుంటే బలవంతం చేయకుండా కాసేపు వదిలేస్తే లోపల పిండిని సాగేలా పట్టి ఉంచే గ్లూటెన్ అనే మాంసకృత్తు సడలి తనంతట తానే సాగుతుందనీ చేసి చూపించాడు. ఆ సాయంత్రం మొత్తంలో ఇంటికి తీసుకువెళ్ళి వెంటనే వాడుకోగల పాఠం ఇదొక్కటే, ఇది చాలా మంచి పాఠం. చపాతీ పిండిని కలిపి అరగంట తడిబట్ట కప్పి ఉంచే మనకు ఈ సంగతి చేతికి ఎప్పుడూ తెలుసు. అమ్మ నా మోచేతిని తట్టింది. ఇంగ్లీషు సగమే అర్థమైనా, పిండిని వదిలేసిన ఆ క్షణం ఆవిడకు పూర్తిగా అర్థమైంది.

తరవాత దీపాలు వెలిగించారు. ఆ వెలుతురును నేను మాటల్లో సరిగ్గా చెప్పలేనేమో గానీ ప్రయత్నిస్తాను. నిప్పుకణిక రంగుతో మొదలై క్షణాల్లో పట్టపగలైంది. కప్పు మీది నక్షత్రాలన్నీ ఒక్కసారిగా మాయమయ్యాయి. అంతవరకూ చీకట్లో ఉన్న గోడల మీది బంగారు పూత, ప్లాస్టరు లతలు, బాల్కనీ అంచున చెక్కిన సింహం ముఖాలు, ఆ ముఖాల మీద పేరుకున్న దుమ్ము కూడా, వరుసలు వరుసలుగా కూర్చున్న జనం ముఖాలు, అన్నీ బయటపడ్డాయి. మన సురభి వారి నాటకాల్లో తెర వెనక పనివాళ్ళ నైపుణ్యంతో మెరుపులు మెరిసినప్పుడు పల్లెటూరి జనం ఊపిరి బిగబట్టిన సంగతి అమ్మ చిన్నప్పుడు చూసి చెప్పేది; ఆ బిగబట్టిన ఊపిరి నాకు ఇక్కడ వినిపించింది. నటుల మొహాల మీద వెలుతురు వేయడానికి పుట్టిన దీపాలు, నాటకశాల సొంత పనిముట్లు, పిజ్జాను కాలుస్తున్నాయి. వేదిక మీది వీడియో తెర మీద దగ్గరగా చూపిస్తుంటే ఛీజ్ ముందు చెమట పట్టినట్టు మెరిసి, తరవాత బుడగలు కట్టి, అంచులు లేత గోధుమ నుంచి మచ్చలు మచ్చలుగా నల్లబడ్డాయి. కొద్ది నిమిషాల్లో పని అయిపోయింది.

అప్పుడు వచ్చింది వాసన. ముందు కింది వరుసల్లో తలలు కదిలాయి, తరవాత మధ్య వరుసల్లో, కాసేపటికి మా బాల్కనీలో. కాలిన పిండి, కరిగిన ఛీజ్ వాసన ఆ పాత హాలులో నెమ్మదిగా పైకెక్కడం, మనుషులు ముందుకు వంగిన తీరును బట్టి కంటికి కనిపించింది. అమ్మ ఏమీ అనలేదు, గట్టిగా ఊపిరి పీల్చుకుంది. రంగస్థలం మీద వంటకున్న పెద్ద లోపం దూరం. ఆ దూరాన్ని దాటడానికి బ్రౌన్ వంటకాన్ని పెంచలేదు, దాని కారణాన్ని పెంచాడు: చల్లబరచడాన్ని ఒక హోరుగా, వేడిని ఒక వెలుతురుగా. చివరి వరుసలో కూర్చున్నవారికి కూడా ఐస్‌క్రీమ్ ఎందుకు గడ్డకడుతుందో, రొట్టె ఎందుకు కాలుతుందో అనుభవంలోకి వచ్చింది. టీవీలో దగ్గరగా చూపించి నేర్పిన మనిషి ఇక్కడ పెద్దగా చేసి నేర్పాడు. ఈ తేడా తెలిసి పనిచేసినందుకు నాకు ఆయన మీద గౌరవం పెరిగింది.

లోపాలు లేకపోలేదు. ఆహారం అంటే ఆయన దృష్టిలో ఎక్కువగా అమెరికా ఇళ్ళలోని ఆహారమే. హాస్యంలో చాలా భాగం ఇక్కడి టీవీ ప్రకటనలు, ఇక్కడి చిన్ననాటి తిళ్ళు తెలిసినవారికే అందుతుంది. 'గుడ్ ఈట్స్' అసలు చూడనివారికి మొదటి అరగంట కొంత బయట నిలబడి చూసినట్టు ఉంటుంది. రెండు ప్రయోగాల మధ్య దూరం ఎక్కువైంది. మూడోది ఒకటి, చిన్నదైనా సరే, గుడ్డుతోనో ఉప్పుతోనో చేసి ఉంటే బాగుండేది. చేత్తో రాసుకోవడానికి వంటల కొలతలు ఒక్కటి కూడా ఇవ్వడు. అందుకు నాకు ఫిర్యాదు లేదు గానీ, నోటు పుస్తకం తెచ్చుకున్న ముందువరుస పెద్దాయన చివరికి దాన్ని జేబులో పెట్టుకోవడం గమనించాను.

ఇటువంటి ప్రదర్శన మీ ఊరి దగ్గరికి వస్తే ఏ సీటు కొనాలన్నది ముఖ్యమైన విషయం. వానకోట్లు ఇచ్చే వరుసలు ఖరీదైనవి, పిల్లలకు సరదా, కానీ అక్కడినుంచి వేదిక మీది యంత్రాల పైభాగం కనిపించదు. బాల్కనీ పక్క భాగాలు వద్దు. ఒక వైపు స్తంభాలు అడ్డం, మరో వైపు తెర ఏటవాలుగా కనబడుతుంది. కింది అంతస్తులో మధ్య వరుసలు, లేదంటే బాల్కనీలో నడిమి భాగపు మొదటి నాలుగు వరుసలు తీసుకోండి. ఎనిమిదేళ్ళు దాటిన పిల్లలు హాయిగా చూడగలరు. అంతకన్నా చిన్నవారికి ఆ హోరు భయం పుట్టించవచ్చు. ఆకలితో మాత్రం వెళ్ళకండి. మేము వెళ్ళిన రోజు రాత్రి పదిన్నరకు ఇంటికి వచ్చి, ఫ్రిజ్‌లో ఉన్న చపాతీ పిండి బయటికి తీస్తే, అది చల్లగా ఉంది, ఒక అరగంట వదిలెయ్యమని అమ్మ చెప్పింది.